వేగం, బలం – 3వ పాఠం: ఏటిగట్టు వాలు మీద 20 మీటర్లు

కిందటి రెండు పాఠాల్లో ఒళ్లు వేడెక్కించే వరస, బరువు లేకుండా బస్కీ తీసే పద్ధతి అయ్యాయి. ఆ రెండూ నొప్పి లేకుండా కుదిరినవాళ్లే ఇందులోకి రండి. మోకాలో నడుమో ఇంకా పట్టేస్తుంటే మరో రెండు వారాలు అక్కడే ఉండండి, పోయేదేమీ లేదు. ఈ పాఠం నాలుగు వారాలది, వారానికి రెండు రోజులు. ముందు వాలు మీద పరుగు, తర్వాత ఇసుక మూటతో బలం.

మొదటి 20 మీటర్ల కోసం పాఠమంతా ఎందుకంటే, 100 మీటర్లలో కాలం ఎక్కువగా ఖర్చయ్యేది అక్కడే. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో ముగించిన పరుగులో మొదటి 20 మీటర్లకు 2.89 సెకన్లు పట్టింది. అదే పరుగులో 60 నుంచి 80 మీటర్ల దాకా 1.61 సెకన్లే. ఆగి ఉన్న ఒంటిని కదిలించడానికి అయ్యే ఖర్చు అది. కానిస్టేబుల్ ఫిజికల్ టెస్టులో 100 మీటర్లు, లాంగ్‌జంప్ చేయాల్సినవాళ్లకీ, కబడ్డీలో రైడుకెళ్లేవాళ్లకీ పనికొచ్చేది ఈ తొలి నెట్టుడే. 1600 మీటర్ల వాళ్లు కూడా దీన్ని దాటేయకండి. నేలను గట్టిగా నెట్టడం వచ్చిన కాలికి అదే వేగం తక్కువ శ్రమతో వస్తుంది.

వాలు ఎక్కడ, ఎంత

ధవళేశ్వరం దాటి సముద్రం వైపు వస్తే నేలంతా పళ్లెంలా ఉంటుంది. మనకున్న వాలల్లా ఏటిగట్టు ఎక్కే బాటలు, కాలవ వంతెనలకు రెండు వైపులా ఎత్తు చేసిన రోడ్లు. వంతెన మీద బండ్లు ఆగవు కాబట్టి అది వద్దు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ గట్ల మీదకు ట్రాక్టర్లు ఎక్కడానికి చాలాచోట్ల గ్రావెల్ పోసిన బాట ఉంటుంది. 20, 30 మీటర్ల పొడవుంటే చాలు. ఈ పనికి అంతకంటే పెద్ద కొండ అక్కర్లేదు.

వాలును కళ్లతో అంచనా వేయకండి, కొలవండి. తాపీమేస్త్రి దగ్గరుండే లెవెల్ పైపు అడిగి తెచ్చుకోండి. బాట వెంట 10 మీటర్లు టేపు పరిచి రెండు చివర్లా రెండు కర్రలు పాతండి. పైకర్ర దగ్గర పైపులో నీటిమట్టం నేలను తాకేలా పట్టుకుంటే, కిందికర్ర దగ్గర నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో అదే మీ వాలు. 70 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటే బాగుంది. మీటరున్నర దాటితే నడుం దగ్గర ఒళ్లు మడతపడుతుంది, అడుగులు కురచవుతాయి, పరుగు పోయి మెట్లెక్కడం మొదలవుతుంది. అలాంటి బాట ఎంత దగ్గరున్నా వదిలేయండి.

నల్లమట్టి గట్టు తడిస్తే కాలు నిలవదు. వాన పడిన మర్నాడు కూడా నమ్మకండి. గ్రావెల్ బాట మీద వదులు రాళ్లుంటే ముందే చీపురుతో ఊడ్చి, 20 మీటర్లూ ఒకసారి నడిచి చూసుకోండి. తెల్లవారకముందు గట్టు గడ్డిలో పాములుంటాయి. టార్చి లేకుండా వెళ్లొద్దు, సాగదీసే వ్యాయామాల కోసం గడ్డిలో కూర్చోవద్దు.

ఇసుక గురించి ఒక మాట. పేరుపాలెం, ఓడలరేవు బీచ్‌ల్లోనూ ఏటి ఇసుక మేటల మీదా పరిగెడితే కాళ్లలో వేగం వస్తుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. పొడి ఇసుక మీరు నెట్టిన బలాన్ని తనలోకి లాక్కుంటుంది, పాదం నేల మీద ఎక్కువసేపు ఉండిపోతుంది. వేగానికి కావలసింది సరిగ్గా దానికి ఎదురు. దమ్ము కోసమైతే ఇసుకలో నిదానంగా పరిగెత్తండి. వేగం కోసం గట్టి నేలే కావాలి.

నిలబడటం, నెట్టడం

బలమైన కాలు ముందుంటుంది. ఏది బలమైనదో తెలియకపోతే నిటారుగా నిలబడి, వెనకనుంచి ఎవరినైనా మెల్లగా తోయమనండి. పడిపోకుండా చటుక్కున ముందుకు వేసిన కాలు వెనక ఉండాల్సింది. నేల మీద నిలిచిన కాలు ముందుండాల్సింది. రెండు పాదాల మధ్య ఒకటిన్నర అడుగు ఎడం ఉంచి, వెనక మడమ పైకెత్తండి. ముందు ఎడమ కాలుంటే కుడి చెయ్యి ముందుకు రావాలి. బరువులో ముప్పావు వంతు ముందు కాలి మునిపాదం మీద ఉండాలి. చూపు రెండు మీటర్ల అవతల నేల మీద.

ఇప్పుడు ఒళ్లంతా ముందుకు వాల్చండి. తల, తుంటి, వెనక మడమ ఒకే గీత మీద ఉంటేనే అది వాలడం. నడుం దగ్గర మడతపడితే వంగడం. వంగినవాడి పాదం తుంటికంటే ముందు పడుతుంది, ముందు పడిన పాదం బ్రేకు వేస్తుంది. తొలి నాలుగైదు అడుగుల్లో పాదం తుంటి కిందో, కాస్త వెనకో పడి వెనక్కి నెట్టాలి. ఆ క్షణంలో పక్కనుంచి వీడియో తీస్తే మోకాలి కింది ఎముకా వీపూ ఇంచుమించు ఒకే కోణంలో కనిపిస్తాయి. సమతలం మీద ఇది నేర్చుకోవడం కష్టం. వాలు మీద నేల ముందుగానే పాదానికి ఎదురొస్తుంది కాబట్టి కాలు ఎక్కువ ముందుకు చాపే వీలుండదు. కాలు అతిగా చాచినప్పుడు తొడ వెనక కండరం మీద పడే లాగుడు కూడా అందుకే ఇక్కడ తక్కువ. కొత్తవాళ్లను వాలు మీద మొదలుపెట్టించేది ఈ రెండు లాభాల కోసం.

చేతులు భుజం నుంచి ఊగాలి, మోచేతి నుంచి కాదు. వెనక్కి వెళ్లిన చెయ్యి నిక్కరు జేబును దాటాలి.

అందరూ చేసే తప్పు ఒకటుంది. మూడో నాలుగో అడుగుకే తల ఎత్తి గట్టు పైకి చూస్తారు. తల లేస్తే ఛాతీ లేస్తుంది, ఛాతీ లేస్తే తుంటి వెనక్కి జారి పాదం ముందు పడుతుంది. “తల దించు” అని అరిచినా పరుగులో చెవికెక్కదు. 8 మీటర్ల దగ్గర బాట పక్కన ఒక ఇటుక పెట్టి, అది దాటేదాకా చూపు నేల మీద నుంచి లేవకూడదని ముందే అనుకోండి. గట్టు పైన సైకిళ్లు, బండ్లు వస్తుంటాయి, అక్కడ ఒకరిని కాపలా ఉంచండి. పైకి చేరాక ఒక్కసారిగా ఆగొద్దు, నాలుగడుగులు నిదానించండి. కిందికి నడిచే దిగాలి. దిగుడు పరుగులో తొడ ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది, మర్నాడు మెట్లు దిగలేరు.

ఎన్ని, ఎంత విరామం

మొదటి రెండు వారాలు రోజుకు 20 మీటర్లు 6 సార్లు, మధ్య 2 నిమిషాలు. మూడో వారం 20 మీటర్లు 4, తర్వాత 30 మీటర్లు 3. ముప్పైకి 3 నిమిషాల విరామం. నాలుగో వారం 20 మీటర్లు 4 మాత్రమే. ఆ వారం చివర పరీక్ష ఉంది.

రోజుకు 120 మీటర్లేనా అనిపిస్తుంది. అవును, అంతే. 20 మీటర్ల పూర్తివేగం పరుగుకు కండరంలో నిలవున్న ఫాస్ఫోక్రియాటిన్ ముఖ్యమైన ఇంధనం. వాడిన దానిలో సగం దాదాపు అర నిమిషంలో తిరిగి నిండుతుంది, మిగతాది నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఊపిరి అంతకంటే ముందే కుదుటపడుతుంది కాబట్టి “నేను రెడీ” అనిపిస్తుంది. ఆ మాట విని 40 సెకన్లకే బయల్దేరితే నాలుగో పరుగుకల్లా ఒళ్లు నెమ్మదైన పరుగునే అలవాటు చేసుకుంటుంది. చెమట పట్టిందా లేదా అన్నది ఈ పనికి కొలత కాదు. డెల్టా ఉక్కపోతలో నిలబడ్డా చెమట పడుతుంది.

అలసటను అడుగుల లెక్కతో పట్టుకోండి. వాలు మీద చేతి స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే పొరపాటు ఒక పరుగుకీ ఇంకోదానికీ ఉన్న అసలు తేడాకంటే పెద్దది. మొదటి పరుగులో 20 మీటర్లకు ఎన్ని అడుగులు పడ్డాయో పక్కనున్నవాళ్లు లెక్కపెట్టాలి. 13 పడ్డాయనుకోండి. తర్వాత ఏదైనా పరుగులో 14 అయితే ఇంకో నిమిషం విరామం పెంచండి. మళ్లీ 14 అయితే ఆ రోజుకు చాలు. ఆరు పూర్తికాలేదని పట్టుబట్టకండి. పిక్క గాని, మడమ వెనక టెండన్ గాని పొద్దున లేవగానే బిగుసుకుపోతే వాలు ఎక్కువైనట్టే. ఒక వారం సమతలానికి రండి.

ఇసుక మూట

పరుగు ముందు, బరువు తర్వాత. ఈ వరస తిప్పకండి. అలసిన తొడతో పూర్తివేగం పరుగు అంటే కండరం చిట్లడానికి దారి. పరుగయ్యాక 15 నిమిషాలు ఆగి గాని, అదే సాయంత్రం గాని చేయండి.

యూరియా సంచి వాడితే బాగా ఉతకాలి, మిగిలిన ఎరువు చెమటతో కలిసి చర్మాన్ని మండిస్తుంది. 25 కిలోల బియ్యం సంచి మేలు. ఇసుకను రెండు రోజులు ఎండబెట్టండి. తడి ఇసుక బరువు రోజురోజుకీ మారుతుంది. పొడి ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు తూగుతుంది. కాటా మీద తూచి 5 కిలోల చొప్పున మందపాటి కవర్లలో కట్టి, సంచిలో కావలసినన్ని వేసుకోండి. సంచి మూడింట రెండు వంతులే నిండాలి, అప్పుడే చేతికి పట్టు దొరుకుతుంది.

మొదటిది ఒంటికాలి బస్కీ. మోకాలికంటే కాస్త తక్కువ ఎత్తున్న బల్ల మీద వెనక పాదం ఆనించి, ముందు పాదం రెండడుగుల దూరాన పెట్టండి. 10 కిలోల మూటను ఛాతీకి హత్తుకుని మూడు సెకన్లు దిగి, చురుగ్గా లేవండి. కాలికి 6 చొప్పున 3 విడతలు, మధ్య 2 నిమిషాలు. మూడో విడత అయ్యాక కూడా ఇంకో రెండు తీయగలిగితే వచ్చేసారికి 5 కిలోలు పెంచండి. ముందు మోకాలు లోపలికి వాలుతుంటే బరువు ఎక్కువైంది, ఒక కవరు తీసేయండి.

రెండోది తుంటి వెనక్కి నెట్టి వంగడం. మోకాళ్లు కొద్దిగా మాత్రమే మడవాలి. మూట తొడలను రాసుకుంటూ మోకాలి కిందిదాకా వెళ్లాలి. తొడ వెనక లాగినట్టు తెలియాలి, నడుంలో తెలియకూడదు. నాట్లేసేటప్పుడు గుండ్రంగా వంగే అలవాటున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వీపు మీద కర్ర ఆనించుకుని ముందు బరువు లేకుండా సాధన చేయండి: తల, వీపు మధ్య, వెన్ను చివర మూడూ కర్రను వదలకూడదు. 8 చొప్పున 3 విడతలు.

మూడోది నార్డిక్. మడత చాప మీద మోకాళ్లపై నిలబడితే ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకుంటారు. తుంటి మడవకుండా ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా ముందుకు పడుతూ, ఇక ఆగలేనప్పుడు చేతులు ఆనించండి. తొడ వెనక కండరం గాయాలు తగ్గించడంలో దీనికి మంచి రుజువుంది. కానీ మొదటిసారే ఎక్కువ చేస్తే నాలుగు రోజులు నడవడం కష్టం. మొదటి రెండు వారాలు 3 చొప్పున 2 విడతలు, తర్వాత 4 చొప్పున 2.

సోమ, గురువారాలు ఈ పనికి పెట్టుకుంటే 1600 మీటర్ల పరుగుకు మంగళ, శనివారాలు మిగులుతాయి. పొద్దున 7 లోపు ముగించండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది గాని సోడియం తక్కువ. చెమటలో పోయిన ఉప్పుకు పలచటి మజ్జిగలో అర చెంచా ఉప్పు కలిపి తాగండి.

నాలుగో వారం పరీక్ష

శనివారం పరుగు మానేసి ఆదివారం హైస్కూలు గ్రౌండులో సమతలం మీద 20 మీటర్లు కొలవండి. చివరి కర్రకు నేరుగా 15 మీటర్ల పక్కన, బయల్దేరే చోటు కూడా కనిపించేలా ఫోను కదలకుండా పెట్టి, సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీయండి. వెనక కాలు నేల విడిచిన ఫ్రేము నుంచి ఛాతీ కర్ర దాటిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 60తో భాగించండి. 198 ఫ్రేములైతే 3.30 సెకన్లు. మూడు పరుగులు, మధ్య 4 నిమిషాలు. మంచిది ఒకటి రాసుకోండి, పక్కనే అడుగుల సంఖ్య కూడా. వచ్చే పాఠంలో పరుగెత్తుతూ అందుకునే పూర్తివేగం 20 మీటర్లు ఈ రెండు అంకెల మీదే మొదలవుతుంది.