కర్నూలు ఎండలో ఇంటర్వ్యూకు ఏం వేసుకోవాలి

మే నెలలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి బట్టలు ఎంచుకునేటప్పుడు ముందు చెమట సంగతి చూసుకోవాలి. బూడిద, లేత నీలం చొక్కాల మీద చంకల కింద తడి కొట్టొచ్చినట్టు కనబడుతుంది, తెలుపులో అంతగా తెలీదు. లోపల చేతుల బనియన్ తప్పనిసరి. పూర్తి పాలిస్టర్ ఉక్కపోస్తుంది, పూర్తి కాటన్ బస్సులోనే నలుగుతుంది. రెండూ కలిసిన బట్ట, అందులోనూ కాటన్ పాలు ఎక్కువున్నది, మేలు.

పై గుండీ పెట్టుకున్నాక కాలర్‌లో రెండు వేళ్లు దూరాలి. చేతి అంచు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. బెల్టు, బూట్లు ఒకే రంగు. కొత్త బూట్లయితే వారం ముందు నుంచే రోజూ గంటసేపు ఇంట్లో తొడగండి, లేదంటే మడమ దగ్గర కరుస్తాయి.

ఆడవాళ్లకు కాటన్ చుడీదార్ చాలు, చున్నీకి రెండువైపులా పిన్నులు పెట్టాలి. ధర్మవరం పట్టు పెళ్లిళ్లకు దాచుకోండి!

ఆదోని నుంచో, నంద్యాల నుంచో బస్సులో వస్తుంటే ఇస్త్రీ చొక్కా ఒంటిమీద వద్దు. మడతల మధ్య తెల్లకాగితం పెట్టి సంచిలో తెచ్చుకుని, దిగాక మార్చుకోండి. న్యూస్‌పేపర్ పెడితే సిరా అంటుతుంది.