హిస్టరీ ప్రాజెక్టుకు చీటీల పద్ధతి

చరిత్ర పోటీకి ప్రాజెక్టు చేసే పిల్లలకు చివర్లో ఒకటే టెన్షన్: "ఈ విషయం ఎక్కడ చదివాను?" ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో చీటీ మీద ఒక్క విషయమే రాయించండి. ముందు పైన పుస్తకం పేరు, రచయిత, పేజీ నంబరు పడాలి, ఆ తర్వాతే విషయం. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే కొటేషన్ గుర్తులు తప్పనిసరి. లేకపోతే అది సొంత వాక్యమో కాదో తర్వాత వాళ్లకే తెలియదు. ఆనాటి ఉత్తరాలు, పత్రికల నుంచి తీసుకున్న చీటీలకు మూలన ఎర్ర చుక్క పెట్టించండి. చుక్కలు తక్కువగా కనిపిస్తే ఇంకా వెతకాలన్నమాట. రాసేముందు చీటీలన్నీ నేల మీద పరిచి వరుస మార్చుకోవచ్చు, నాకు బాగా నచ్చింది ఇదే. పెద్దవాళ్లను అడిగి రికార్డు చేసిన మాటలకు మాత్రం ఈ పేజీ నంబరు పద్ధతి సరిపోదు. అక్కడ పేజీ ఉండదు కాబట్టి రికార్డింగులో ఎన్నో నిమిషమో, ఏ తేదీన మాట్లాడారో రాసుకోవాలి.