పండుగ స్లష్ కుదరనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో డిసెంబరు నెలాఖరుకు రాత్రులు చల్లబడినా, సముద్రపు తేమ వల్ల పదిహేను ఇరవై మంది ఒక హాలులో చేరేసరికి ఉక్క పోయడం మొదలవుతుంది. అందువల్ల క్రిస్మస్ విందులోనూ, జనవరి 1 ముందు రాత్రి కూడా, దానిమ్మ, అల్లం, నిమ్మ కలిపిన ఎర్రని స్లష్‌ను, అంటే సగం గడ్డకట్టి మంచు రవ్వలతో నిండిన పానీయాన్ని, పెద్దలూ పిల్లలూ ఇష్టంగా అడిగి తాగుతారు. దీనిలో మద్యం ఉండదు కనుక పాటించవలసిన జాగ్రత్త ఒకటి ఉంది. మద్యం కలిపిన పానీయం ఫ్రీజరులో గట్టిపడకుండా మద్యమే అడ్డుకుంటుంది. మన పానీయంలో ఆ పని దాదాపు మొత్తం చక్కెరే చేయాలి. కింద చెప్పిన ఇబ్బందులలో చాలా వాటికి మూలం చక్కెరకూ నీటికీ కుదరని పాళ్ళే. నేను వాడే కొలత ఇది: దానిమ్మ రసం 600 మిల్లీలీటర్లు, మరిగించి చల్లార్చిన నీరు 250, నిమ్మరసం 40, చక్కెర 100 గ్రాములు, ఒక చెంచాడు అల్లం రసం. పండులోని తీపిని కూడా లెక్కిస్తే మొత్తం మీద చక్కెర సుమారు 19 శాతం ఉంటుంది.

రాయిలా గడ్డకట్టింది

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే, దీనికి కారణం చక్కెర చాలకపోవడం. మంచినీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే, 20 శాతం చక్కెర ఉన్న నీరు మైనస్ ఒకటిన్నర డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గాని, మంచు ఏర్పడుతున్నకొద్దీ మిగిలిన రసంలో చక్కెర చిక్కబడుతుంది, ఆ చిక్కని పాకమే మంచు రవ్వల మధ్య తడిగా నిలిచి వాటిని ఒకదానికొకటి అతుక్కుపోనివ్వదు. ఒక ఏడాది తీపి తగ్గిద్దామన్న సదుద్దేశంతో నేను చక్కెర సగానికి తగ్గించాను. అతిథులు వచ్చే వేళకు గిన్నెలో ఎర్రని పలక ఒకటి తయారై, గరిటె కాడ వంగింది గాని అంచు కూడా పెళ్ళగిల్లలేదు.

గిన్నెను 15 నుంచి 20 నిమిషాలు బయట ఉంచి, ముక్కలు చేసి, లీటరుకు 50 గ్రాముల చక్కెరను 50 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి చల్లార్చిన పాకం కలిపి, మిక్సీలో ఆపి ఆపి తిప్పి మళ్ళీ ఫ్రీజరులో పెట్టాలి. చక్కెరకు బదులు తీపి మాత్రలు వాడితే తీపి వస్తుంది గాని గట్టితనం తగ్గదు, ఎందుకంటే అవి వాడే పరిమాణం చాలా స్వల్పం. మధుమేహం ఉన్నవారికి చక్కెర కలపని కొద్ది రసాన్ని విడిగా అప్పటికప్పుడు ఐసు ముక్కలతో తిప్పి ఇవ్వడం మేలు. మెత్తదనం కోసం గ్లిజరిన్ కలిపే పద్ధతి పిల్లలున్న ఇంట్లో వద్దు. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2025లో ఏడేళ్ళలోపు పిల్లలకు గ్లిజరిన్ ఉన్న స్లష్ ఇవ్వవద్దని సూచించింది.

ఎంతసేపటికీ గడ్డకట్టడం లేదు

సీసాలో అమ్మే సిరప్ ఎక్కువైతే చక్కెర మితిమీరుతుంది. అప్పుడు లీటరుకు 100 మిల్లీలీటర్ల చొప్పున నీరు, కొంచెం నిమ్మరసం చేర్చి చూడాలి. రుచిలో అతి తీపి లేకుండానే ఇలా జరిగితే లోపం ఫ్రీజరులో ఉన్నట్టు. పండుగ రోజు ఫ్రీజరు మాంసంతో, ఐస్‌క్రీమ్ డబ్బాలతో కిక్కిరిసి, తలుపు మాటిమాటికీ తెరుచుకుంటూ ఉంటుంది. లోతైన గిన్నెకు బదులు రెండు సెంటీమీటర్ల మందాన రసం పోసిన వెడల్పాటి స్టీలు పళ్ళెం వాడితే చలి త్వరగా అందుతుంది. కరెంటు పోతే పాత కుల్ఫీ పద్ధతి ఉంది: పెద్ద బకెట్‌లో మూడు వంతుల ఐసు ముక్కలకు ఒక వంతు రాళ్ళ ఉప్పు కలిపి, అందులో మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాను దించి తిప్పుతూ ఉండాలి. ఉప్పు కలిసిన మంచు మైనస్ 20 డిగ్రీల దాకా చల్లబడగలదు.

పైన తెల్లని మంచు, అడుగున చిక్కని రసం

మంచు రవ్వలు పెద్దవైతే వాటి మధ్య నుంచి పాకం కిందికి జారిపోతుంది. నెమ్మదిగా, కదపకుండా గడ్డకట్టిన రసంలో ఇది తప్పదు. పళ్ళెం పెట్టిన 40 నిమిషాలకు తీసి చూస్తే అంచుల వెంట సూదుల వంటి మంచు పుట్టి లోపలికి సాగుతూ ఉంటుంది, నడుమ రసం ఇంకా కదులుతూనే ఉంటుంది. ఆ దశలోనే ఫోర్కుతో అంచులను గీరి నడుమకు తోయాలి, ఆపై ప్రతి అరగంటకూ నాలుగైదు సార్లు అదే పని చేయాలి. ఇప్పటికే విడిపోయినదాన్ని అలాగే మళ్ళీ గడ్డకట్టిస్తే పైపొర రుచిలేని మంచుగానే మిగులుతుంది కనుక, అంతా కలిపి మిక్సీలో తిప్పాకే ఫ్రీజరులో పెట్టాలి.

చేదెక్కింది

దానిమ్మ గింజలను మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే లోపలి పలుకులు నలిగి వగరు దిగుతుంది. ఒకటి రెండు సార్లు మాత్రమే తిప్పి వడకట్టాలి. దానిమ్మకు తోడు బత్తాయి రసం కలిపితే సంగతి వేరు. పిండగానే తియ్యగా ఉన్న రసం కొన్ని గంటలకు చేదవుతుంది, దానికి పండు నాణ్యత కారణం కాదు. లోపలి తెల్లని పొరలోనూ గింజలలోనూ ఉన్న చేదులేని పదార్థం రసంలోని పులుపు తగిలి లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఒకసారి మారాక వెనక్కి తిప్పలేము, కాబట్టి ముందు రోజే చేసిపెట్టే స్లష్‌లో బత్తాయి వద్దు. కావాలంటే వడ్డించే ముందు తాజాగా పిండి కలపండి. అనాసపండును, అది మన సింహాచలం కొండ పండైనా సరే, పచ్చిగా పాలతో కలిపితే అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైము పాలలోని మాంసకృత్తులను విడగొట్టి చేదు తెస్తుంది. రసాన్ని ఐదు నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చి కలిపితే ఆ ఇబ్బంది ఉండదు.

తీపి చాలలేదు, సోడా చప్పబడింది, మిక్సీ ఆగిపోయింది

చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కనుక గడ్డకట్టించే ముందు రసం ఒక పిసరు ఎక్కువ తియ్యగా అనిపించాలి. సోడాను ముందే కలిపితే గ్యాసు పోతుంది, సీసాను ఫ్రీజరులో పెడితే పగలవచ్చు. ఫ్రిజ్‌లో చల్లార్చిన సోడాను గ్లాసులో చివరగా పోయాలి. గట్టి ముక్కలతో బరువు ఎక్కువై మిక్సీ ఆగితే ప్లగ్గు తీసి, పది నిమిషాలు చల్లారనిచ్చి, చాలా మిక్సీలకు అడుగున ఉండే ఎర్రని బటన్‌ను నొక్కి, ఈసారి మిక్సీ గిన్నెను సగం మాత్రమే నింపి తిప్పాలి.

మర్నాడు కడుపు నొప్పి

శుభ్రంలేని ఐసు వల్ల వచ్చే ఈ ఇబ్బందిని నివారించడం తప్ప పరిష్కారం లేదు. ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల దొరికే దిమ్మ ఐసు చేపల నిల్వకు ఉద్దేశించినది. అది గ్లాసులోకి రాకూడదు, బకెట్‌లో ఉప్పుతో వాడేటప్పుడు సైతం ఆ నీరు డబ్బా మూత దాటి లోపలికి చేరకుండా చూడాలి. తాగే ఐసును మరిగించి చల్లార్చిన నీటితో రెండు రోజుల ముందే ఇంట్లో కట్టించి, మూతపెట్టిన డబ్బాలో దాచుకోండి.