క్యూబెక్ ఫ్రెంచి పూర్వీకుల జాడ తీయడం ఎలా?

మా కోడలిది క్యూబెక్, కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం. మనవడి కోసం రెండు వైపులా వంశవృక్షం రాద్దామని కూర్చున్నాం. మా వైపు నాలుగు తరాలు దాటలేదు. ఆమె వైపు మాత్రం 1660ల్లో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఓడ దిగినవాడి దాకా, పదకొండు తరాలు కాగితం మీద దొరికాయి. ఎలా వెతికామో చెబుతాను.

మొదట ఇంట్లోవాళ్లను అడగండి. దగ్గరి కాలపు చర్చి రిజిస్టర్లను గోప్యత కారణంగా అందరికీ చూపించరు. అందుకే తాతల పెళ్లి ఏ ఊళ్లో, ఏ ఏడాది జరిగిందో పెద్దవాళ్లే చెప్పాలి.

అక్కడి నుంచి పెళ్లి మీద పెళ్లి పట్టుకుని పైకి వెళ్లండి. చర్చి రిజిస్టరులో పెళ్లి నమోదు చేసినప్పుడు వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాసేవారు. అంటే ఒక్క కాగితంతో పై తరం దొరుకుతుంది. ఆడవాళ్లను పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే రాయడం అక్కడి ఆచారం, ఇది మనకు పెద్ద వరం. ఒక్క చిక్కుంది: రెండో పెళ్లయితే తల్లిదండ్రులకు బదులు చనిపోయిన భర్త లేదా భార్య పేరే ఉంటుంది. అప్పుడు మొదటి పెళ్లిని వెతకాలి.

ఈ రిజిస్టర్లు క్యూబెక్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్లోనూ, వంశావళి వెతికే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్లోనూ ఉచితంగా చూడొచ్చు. మార్జిన్‌లో బి అంటే బాప్తిస్మం, ఎం అంటే పెళ్లి, ఎస్ అంటే ఖననం. ఫ్రెంచి రాకపోయినా ఆ మూడక్షరాలతో పేజీలు తిరగేయొచ్చు. 1800కి ముందు కుటుంబాలను మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక డేటాబేసుగా కూర్చారు.

అసలు కిటుకు ఇంటిపేరులో ఉంది. చాలా కుటుంబాలకు రెండు ఇంటిపేర్లు, మధ్యలో 'దీ' అనే మాట. మన పాత దస్తావేజుల్లో 'ఉరఫ్' లాంటిదే. 1665లో ఫ్రాన్స్ సైన్యంలోని కారిన్యాన్-సాలియేర్ రెజిమెంటు (దళం) సైనికులు పన్నెండు వందల మంది దాకా వచ్చారు, వారిలో సుమారు 400 మంది అక్కడే స్థిరపడ్డారు. సైన్యంలో పెట్టుకున్న మారుపేర్లు వాళ్లకు అతుక్కుపోయాయి: లాఫ్లర్ అంటే పువ్వు, సాంసూసీ అంటే చీకూచింతా లేనివాడు. కొందరికి సొంత ప్రాంతం పేరే వచ్చింది, ఫ్రాన్స్‌లోని సాంతోంజ్ ప్రాంతం నుంచి వచ్చినవాడు సాంతోంజ్ అయ్యాడు. తర్వాతి తరాల్లో అన్న ఒక పేరు ఉంచుకుంటే తమ్ముడు రెండోది ఉంచుకునేవాడు. ఒకే మనిషి బాప్తిస్మంలో ఒక పేరుతో, ఖననంలో ఇంకో పేరుతో కనిపించవచ్చు. మేం మూడు వారాలు ఇక్కడే ఆగిపోయాం. రెండో పేరుతో వెతికిన రోజే దారి దొరికింది.

ఈ రెండు పేర్లకు ఒక ఉదాహరణ: క్యూబెక్‌లో ఏ ఊరికెళ్లినా డెజార్డాన్ సహకార బ్యాంకు బోర్డు కనిపిస్తుంది. 1900లో దాన్ని స్థాపించిన ఆల్ఫోన్స్ డెజార్డాన్ తండ్రి 'రోయ్ దీ డెజార్డాన్', తల్లి 'మివీల్ దీ డెషేన్'. ఆయన బాప్తిస్మం పేరు గాబ్రియేల్-ఆల్ఫోన్స్.

ముందుపేర్లతోనూ జాగ్రత్త. చాలాచోట్ల మగపిల్లలకు జోసెఫ్, ఆడపిల్లలకు 'మరీ' (మేరీ) అని ముందు పెట్టి, పిలిచే పేరు చివర రాసేవారు. పసిబిడ్డ పోతే అదే పేరు తర్వాతి బిడ్డకు పెట్టేవారు. అందుకే ఖననం నమోదు చూడకుండా ఏ పుట్టిన తేదీనీ ఖాయం చేయకండి. స్పెల్లింగు మారినా కంగారు పడొద్దు, పాదిరీ విన్నట్టు రాశాడంతే. కెనడా మాజీ ప్రధాని ట్రూడో మూలపురుషుడు 1659లో వచ్చిన వడ్రంగి, ఆయన ఇంటిపేరు ట్రూటో. అమెరికాకు వలస వెళ్లిన శాఖల్లో పేర్లు ఇంగ్లీషులోకి అనువాదమై బువావేర్ కాస్తా గ్రీన్‌వుడ్, రోయ్ కాస్తా కింగ్ అయ్యాయి. ఆ అర్థాలు వెనక్కి తిప్పి వెతకాలి.

చివరగా ఫ్రాన్స్. తొలి వలసదారు పెళ్లి నమోదులో తరచు అతని పారిష్ (స్థానిక చర్చి పరిధి), డయోసిస్ (బిషప్ పరిధి) పేర్లుంటాయి. ఆ ప్రాంతపు డిపార్ట్‌మెంట్ (మన జిల్లా లాంటిది) ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఆ పారిష్ రిజిస్టరు తెరవండి. మాకు లా రోషెల్ అని దొరికింది. మసకబారిన సిరాతో ఉన్న ఆ బాప్తిస్మం పేజీని ప్రింటు తీసి, మనవడి ఆల్బంలో మా తాతగారి ఫొటో పక్కన అతికించాం.