చిన్న రెసిస్టర్లు జరిగిపోకుండా అతికించాలంటే

0805, 0603 సైజు (ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉండే, తీగ కాళ్లు లేని) రెసిస్టర్‌ను సర్క్యూట్ బోర్డు మీద పెట్టి సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే అది పక్కకు జరుగుతుంది, లేదా ఐరన్ మొనకే అంటుకుని పైకి వచ్చేస్తుంది. ఒక చేతిలో ఐరన్, ఇంకో చేతిలో పట్టకారు ఉంటే సోల్డర్ తీగ (కరిగించి అతికించే లోహపు తీగ) పట్టుకోవడానికి మూడో చెయ్యి ఏది?

అందుకే తీగతో పని ముందే ముగించండి. రెసిస్టర్ రెండు కొసలు అతికే ప్యాడ్లలో (బోర్డు మీది చిన్న లోహపు మచ్చల్లో) ఒక్కదానిపైనే కాస్త సోల్డర్ కరిగించి ఉంచండి. కుడిచేతి వాటమైతే కుడి ప్యాడ్. 0.5 మిల్లీమీటర్ల తీగ అయితే ఒక మిల్లీమీటరు పొడవు చాలు. రెండో ప్యాడ్ మీద సోల్డర్ అస్సలు ఉండకూడదు, ఉంటే రెసిస్టర్ ఏటవాలుగా కూర్చుంటుంది. రెండు ప్యాడ్లకూ కొంచెం ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పదార్థం) రాయండి. ఇప్పుడు పట్టకారుతో రెసిస్టర్‌ను పట్టుకుని, ఆ సోల్డర్‌ను మళ్లీ కరిగిస్తూ పక్కనుంచి అందులోకి జరపండి. ఐరన్ తీసేశాక రెండు సెకన్లు కదపకండి. వంకరగా ఉంటే అదే కొసను మళ్లీ వేడిచేసి సరిచేయవచ్చు. తర్వాత రెండో కొసకు మామూలుగా తీగతో సోల్డర్ పెట్టి, అది చల్లారాక మొదటి అతుకును కొత్త ఫ్లక్స్‌తో ఒక్క క్షణం తాకండి. ఈ చివరి పని మాత్రం మానకండి; మొదటిసారి వేడికి ఫ్లక్స్ కాలిపోయి ఆ అతుకు గరుకుగా మిగులుతుంది.

ముందుగా సోల్డర్ పెట్టే ప్యాడ్ పెద్ద గ్రౌండ్ రాగి పొరకు (బోర్డు మీద వెడల్పుగా పరిచిన రాగికి) కలిసి ఉంటే ఈ పద్ధతి సరిగా పనిచేయదు. రాగి వేడిని లాగేసుకోవడంతో సోల్డర్ సరిగా కరగదు. అలాంటి చోట రెండో ప్యాడ్‌తో మొదలుపెట్టండి.