ఒంటి అచ్చులతో శిల్పాలు: చెన్నైలో మొదలుపెట్టేవాళ్లకి

మనిషి ఒంటి మీంచి అచ్చు తీసి బొమ్మలు చేస్తూ బతకాలనుకుంటే ముందే ఒకటి తెలుసుకోండి, అచ్చు తీయడం గంట పని, దాన్ని శిల్పం చేయడం వారాల పని. "పూసి పీకేస్తే అదేం శిల్పం?" అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 1877లో ఫ్రెంచి శిల్పి రోడాన్‌నే అన్నారు, ఆయన చేసిన నగ్న పురుషుడి బొమ్మ మోడల్ ఒంటి మీంచి తీసిన అచ్చేనని. ఆ తర్వాత 1960ల్లో అమెరికా శిల్పి జార్జ్ సీగల్ మనుషులకి ప్లాస్టర్ బ్యాండేజీలు చుట్టి ఆ పనే బాహాటంగా చేశాడు, ఇంగ్లండ్ శిల్పి ఆంటోనీ గోర్మ్‌లీ అయితే తన ఒంటి అచ్చులతోనే 100 ఇనుప బొమ్మలు పోయించి సముద్రపు ఒడ్డున నిలబెట్టాడు. కాబట్టి ఆ మాటకి టెన్షన్ పడకండి.

చేత్తో మొదలుపెట్టండి, తర్వాత వీపు, ముఖం చివర్లో. పళ్ల డాక్టర్లు వాడే ఆల్జినేట్ పొడి డెంటల్ సామాన్ల షాపులో, ప్లాస్టర్ బ్యాండేజీ మందుల షాపులో దొరుకుతాయి. చెన్నై వేడికి ఆల్జినేట్‌ని కుళాయి నీళ్లతో కలిపితే గిన్నెలోనే గట్టిపడి కూర్చుంటుంది, ఐసు వేసిన నీళ్లు వాడండి, ఎండాకాలంలో పొద్దున్నే పని ముగించండి. మోడల్‌కి టిఫిన్ పెట్టకుండా నిలబెట్టొద్దు, కదలకుండా నిలబడితే కళ్లు తిరుగుతాయి.

వెంట్రుకలున్న చోట వాజలిన్ దట్టంగా రాసి, ఆల్జినేట్‌ని పై నుంచి కిందికి ఒకే ఊపులో పూయాలి, ఎందుకంటే గట్టిపడినదాని మీద కొత్తది అతుక్కోదు. ఇంకా తడిగా ఉండగానే దూది పీచులు చిన్న చిన్నగా తుంచి పైన అద్దండి. ఆ పీచుల్ని పట్టుకునే బ్యాండేజీ నిలుస్తుంది, లేకపోతే తీసేటప్పుడు ఆల్జినేట్ చెప్పు అడుగులా ఊడి వేలాడుతుంది. బ్యాండేజీ రెండు మూడు పొరలు, అంచుల దగ్గర ఇంకొకటి. గట్టిపడ్డాక మోడల్‌ని కొంచెం ఒళ్లు విరుచుకోమనండి, గాలి చొరబడి అచ్చు దానంతటదే వదులుతుంది. ఆల్జినేట్ ఆరేకొద్దీ ముడుచుకుపోతుంది కాబట్టి ఆ రోజే పోత పోసేయాలి.

ముఖానికి ముక్కు రంధ్రాలు పూర్తిగా తెరిచి ఉంచాలి, స్ట్రాలు వద్దు. ఇంకొక్కటి, చెయ్యినీ కాలునీ నేరుగా ప్లాస్టర్ బకెట్లో ఎప్పుడూ పెట్టనివ్వకండి. గట్టిపడేటప్పుడు అది కాలిపోయేంత వేడెక్కుతుంది. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు అమ్మాయి అలాగే చాలా వేళ్లు పోగొట్టుకుంది.

ఇక అసలు పని. అచ్చులోంచి వచ్చిన మనిషి కళ్లు మూసుకుని ఉంటాడు, ఆల్జినేట్ బరువుకి కండ కిందికి జారి ఉంటుంది. అందుకే మొదటి పోత మైనంతో పోసి, రెప్పలు తెరిచి, జారిన చోట నింపి, అక్కర్లేని చోట చెక్కేయండి. ఏది వదిలేయాలో తేల్చుకోగలిగితేనే మీరు శిల్పి, రోమకూపాలన్నీ పడ్డాయని మురిసిపోతే కాదు. కంచు కావాలంటే ఆ మైనపు బొమ్మే పోతకి పనికొస్తుంది. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ప్లాస్టర్‌తో పోసిన బొమ్మ త్వరగా ఆరదు, రంగు వేయడానికి తొందరపడకండి.

డబ్బు మొదట్లో ఎగ్జిబిషన్ల నుంచి రాదు. పసిపిల్లల చేతులూ పాదాలూ, షష్టిపూర్తి దంపతుల చేతులూ, ఇవే అద్దె కడతాయి. (సీమంతం తర్వాత కడుపు అచ్చు అడిగే అమ్మాయిలూ ఉన్నారు, దిష్టి అంటూ వాళ్ల అమ్మమ్మ తలుపు దగ్గరే నిలబడుతుంది.) పసివాళ్లకి మాత్రం గోరువెచ్చటి నీళ్లే కలపండి, త్వరగా గట్టిపడుతుంది, నిద్రపోతున్నప్పుడు తీస్తే ఇంకా మేలు. సొంత బొమ్మలు నాలుగు పోగయ్యాక గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీకీ, 1966లో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామానికీ వెళ్లి అక్కడి శిల్పులకి చూపించండి.

మోడల్‌తో కాగితం రాసుకోకుండా గిన్నె ముట్టుకోవద్దు: ఎన్ని కాపీలు పోస్తారు, ముఖం గుర్తుపట్టేలా ఉంచుతారా, ఫోటోలు ఎక్కడ పెడతారు, అమ్ముడుపోతే వాళ్లకెంత. ఆడవాళ్లయితే తోడుగా వాళ్ల మనిషి ఒకరు గదిలో ఉండాలి. సగం డబ్బు అడ్వాన్స్‌గా తీసుకోండి, చుట్టాలైనా సరే.