"ఆడలేక మద్దెల ఓడు": ఒక సామెత పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఎలా

సాకులు చెప్పేవాళ్ల మీద తెలుగులో ఎన్ని సామెతలున్నా ముందు నోటికొచ్చేది "ఆడలేక మద్దెల ఓడు" అన్నదే. పరీక్ష పోయినవాడు పేపర్ కష్టంగా ఇచ్చారన్నా, మ్యాచ్ పోగొట్టుకున్నవాళ్లు పిచ్ బాగాలేదన్నా ఇదే అంటాం. అయితే ఇందులో "ఓడు" అంటే ఏంటని ఇంట్లో నలుగురిని అడిగి చూడండి, "ఓడిపోవడం" అనేవాళ్లు కచ్చితంగా ఉంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆడలేక మద్దెల ఓడిపోయిందట, వినడానికి ఏదో అర్థం ఉన్నట్టే ఉంటుంది, కానీ మద్దెల ఎవరితో పోటీ పడిందని ఓడిపోవడానికి?

అందుకే సామెత మూలం వెతకాలనుకునేవాళ్లు "దీన్ని మొదట ఎవరన్నారు" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ముందు మాట తేలాలి, తర్వాత అర్థం తేలాలి, ఆ తర్వాతే కాలం సంగతి.

మాట తేల్చడమంటే మీరు విన్నది విన్నట్టు రాసుకోవడం. నోటు పుస్తకమైనా ఫోన్ అయినా సరే, ఎవరు అన్నారు, వాళ్ల సొంతూరు ఏది, ఏ సందర్భంలో అన్నారు, ఈ మూడూ పక్కనే ఉండాలి. "ఆడలేక మద్దెల ఓడు", "ఆడలేనమ్మ మద్దెల ఓడందట", "ఆడలేక మద్దెలోడన్నట్టు", ఇవన్నీ ఒకటేలే అని ఒక్కటి రాసి మిగతావి వదిలేయొద్దు. మన సామెతల్లో చివర వచ్చే "అన్నట్టు", "అందట", "అన్నాడట" వాక్యాన్ని బట్టి మారిపోతూ ఉంటాయి కాబట్టి వాటికి పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు, లోపలి ఎముక మాత్రం జాగ్రత్తగా చూడాలి: ఆడలేనిది ఎవరు, తప్పు దేని మీదకు తోశారు, ఆ తప్పుకు వాడిన మాట ఏది.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. "ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా అమ్మమ్మా, అదెలా అంటారు?" అని అడిగితే మీ మాటే మీకు తిరిగి వస్తుంది. సందర్భం చెప్పి ఊరుకోండి. "పని చేతకాక సామాను మీద నెట్టేవాళ్లను మీ ఊళ్లో ఏమనేవాళ్లు?" అని అడిగితే వాళ్ల నోటి మాట వాళ్లదిగా బయటికొస్తుంది, ఒక్కోసారి మీరు వినని సామెత ఇంకోటి దొరుకుతుంది.

ఇక అర్థం. నాకు ఈ "ఓడు" గుట్టు తెలిసింది పుస్తకంలో కాదు, సంతలో. చిన్నప్పుడు నాయనమ్మతో కుండలు కొనడానికి వెళ్తే ఆమె ఒక్కో కుండనూ ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేది. కొన్ని ఖంగుమనేవి. ఒకటి మాత్రం చూడ్డానికి బాగానే ఉంది, బీట కూడా కంటికి కనపడదు, కానీ కొడితే బొంగురుగా పలికింది. "ఇది ఓటిది, ఇంకోటియ్యి" అని పక్కన పెట్టేసింది. ఓటికుండ, ఓటిపడవ, ఈ మాటలు మనకు కొత్త కాదు. "ఓటికుండకు మోత ఎక్కువ" అని సామెత కూడా ఉంది. ఆ "ఓటి" ఎక్కడి నుంచి వచ్చింది? గూడు, గూటి. కాడు, కాటి. తాడు, తాటి. అలాగే ఓడు, ఓటి. విభక్తి చేరే ముందు ఇలా రూపం మారే మాటలను వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటారే, అదే సంగతి. అంటే ఓడు అంటే పగిలినది, బీటవారినది. ఆడలేని మనిషి "మద్దెల పగిలిపోయింది, దాని పలుకు బాగాలేదు, నేనెలా ఆడేది" అంటోందన్నమాట. కుండను కొట్టి చూసినట్టే మద్దెలనూ కొట్టి చూస్తారు కాబట్టి, ఈ మాట ఎవరికి పుట్టినా వాద్యం పలుకు తెలిసినవాళ్ల మధ్యే పుట్టిందని నా గట్టి నమ్మకం.

ఆడు, ఓడు అనే రెండు మాటల పోలిక కూడా సామెత పన్నుగడలో భాగమే, ఆట అనగానే ఓటమి గుర్తొస్తుంది కదా, అందుకే తప్పు అర్థం అంత తేలిగ్గా అతుక్కుంది. ఇలాంటి చోట సరిచూసుకోవడానికి ఒకే నిఘంటువు మీద ఆధారపడొద్దు. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది, దాన్ని సవరించిన కూర్పు 1903లో. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885 నాటిది. ఆంధ్రభారతి సైట్‌లో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. "ఓడు" దగ్గర క్రియ అర్థం చూసి ఆగిపోకుండా కిందికి వెళ్లండి, "ఓటి" దగ్గర కూడా చూడండి.

తర్వాత పాత సంకలనాలు. తెలుగు సామెతలకు మొదట తెరవాల్సింది కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ 1868లో అచ్చువేయించిన ఆంధ్రలోకోక్తిచంద్రిక. తెలుగు సామెత, దాని ఇంగ్లీషు అనువాదం, వివరణ ఉంటాయి. స్కాన్ కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) సైట్‌లో దొరుకుతుంది. సెర్చ్ బాక్సులో టైప్ చేసి "రాలేదు కాబట్టి లేదు" అనుకోవద్దు, పాత తెలుగు అచ్చును కంప్యూటర్ సరిగా చదవలేదు, కూర్చుని పేజీలు తిప్పాల్సిందే. ఇలాంటి సంకలనాలు ఎక్కువగా అకారాది క్రమంలో ఉంటాయి కాబట్టి మొదటి మాట మారితే చోటు మారుతుంది: ఆడలేక, ఆడలేని, ఆడనేరక, మూడు చోట్లా చూడండి. అప్పటి రాతలో "ఓడు"ను "వోడు" అని, "ఉన్న"ను "వున్న" అని రాయడం మామూలు, అరసున్నలు, బండి ఱలు ఉంటాయి. నెట్‌లో వెతికేటప్పుడు కూడా మద్దెల ఓడు, మద్దెలోడు, మద్దెల వోడు, మద్దెల ఓటిది అని నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

ఒక పుస్తకంలో దొరికాక "ఈ సామెత ఫలానా సంవత్సరంలో పుట్టింది" అని రాసేయడం చాలామంది చేసే తప్పు. ఆ ఏడాదికి జనం నోట్లో ఉందని మాత్రమే దానర్థం. అంతకుముందు ఎన్నేళ్లు తిరిగిందో పుస్తకం చెప్పదు. దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకోటుంది: 1213లో కట్టిన రామప్ప గుడి శిల్పాల్లో నర్తకులూ వాద్యగాళ్లూ కనిపిస్తారు కాబట్టి సామెత కాకతీయుల కాలానిదే అనేయడం. వాద్యం పాతదైతే దాని మీద మాట కూడా పాతదవ్వాలని ఏమీ లేదు.

వేమన పేరు కూడా వస్తుంది, ఏ మంచి మాటకైనా మనవాళ్లు వేమనను తగిలిస్తారు కదా. దీన్ని ఇంట్లో కూర్చునే కొంత తేల్చుకోవచ్చు. "ఆడలేక మద్దెలోడు" అని కలిపి పలికి గణాలు కట్టండి. ఆడ, లేక, మద్దె, లోడు. నాలుగూ గురువు, లఘువు, అంటే నాలుగూ హగణాలే, సూర్యగణాలు. ఆటవెలదిలో రెండో పాదం, నాలుగో పాదం మొత్తం సూర్యగణాలే కాబట్టి ఇది అక్కడ చక్కగా ఇమిడిపోతుంది (ఆటవెలది అంటేనే ఆడే స్త్రీ కావడం ఎంత ముచ్చటైన సంగతో!). కానీ ఇమడటం వేరు, ఉండటం వేరు. సామెతకు సహజంగా ఆ నడక ఉంది, అందుకే నాలుక మీద నిలిచింది, అందుకే ఎవరైనా పద్యంలో పెట్టి చివర "విశ్వదాభిరామ" తగిలించగలరు. బ్రౌన్ 1829లో అచ్చువేయించిన వేమన పద్యాల నుంచి మొదలుపెట్టి పాత ముద్రణల్లో పద్యం చూపించేదాకా వేమన పేరు రాయకండి. రాజుగారి కొలువులో ఒక నర్తకి ఉండేదట అని మొదలయ్యే కథలకూ అంతే. సామెతను వివరించడానికి తర్వాత అల్లిన కథ చాలాసార్లు సామెతకు తల్లిగా చలామణి అయిపోతుంది.

పక్కింటి భాషలు చూడకుండా ఆగొద్దు, నాకు అన్నిటికన్నా సంతోషం ఇచ్చిన భాగం ఇదే. హిందీలో "నాచ్ న జానే ఆంగన్ టేఢా", ఆడటం రాక వాకిలి వంకర. కన్నడంలో కుణియలారదవళు, అంటే ఆడలేనామె, "నెల డొంకు" అంటుంది, నేల వంకర అని. తమిళంలో "కూడం కోణల్", కూడం అంటే ఇంట్లో నడిమి సావడి. వీళ్లందరూ కాళ్ల కింద ఉన్నదాన్ని తిట్టారు. మన తెలుగామె మాత్రం చెవికి వినపడేదాన్ని తిట్టింది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో దీన్ని బట్టి చెప్పలేం, కానీ తెలుగు రూపంలో ప్రత్యేకత మద్దెల దగ్గరే ఉందని తేలిపోతుంది, కాబట్టి వెతుకులాట ఆ మాట చుట్టూ తిరగాలి. తమిళానికి యెన్సన్ 1897లో వేసిన సంకలనం, హిందుస్తానీకి ఫాలన్ సేకరించగా 1886లో వచ్చిన సామెతల నిఘంటువు చూడొచ్చు. పాత రూపాల్లో ఆడే స్త్రీని కించపరిచే మాటలు కొన్ని ఉంటాయి, మీ నోట్సులో మాత్రం ఉన్నది ఉన్నట్టే రాసుకోండి, దిద్దితే ఆధారం పాడవుతుంది. ఇంగ్లీషులో జార్జ్ హెర్బర్ట్ సేకరించిన సామెతల్లో, 1640లో, చెడ్డ పనివాడికి మంచి పనిముట్లు ఎన్నడూ దొరకలేదని ఉంది. అక్కడ ఆట లేదు, పని ఉంది. భావం కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

"వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చినట్టు" అన్నదాన్ని కూడా కొందరు దీనితో కలిపేస్తారు. వాడుక గమనిస్తే తేడా తెలుస్తుంది: మద్దెల సామెత చేతకానితనాన్ని ఎదురుగా ఉన్న వస్తువు మీదకు తోసేవాళ్లకు, వంకలేనమ్మ సామెత అసలు కారణమే లేక ఏదో ఒకటి వెతుక్కునేవాళ్లకు. వంక అంటే సాకు, వంక అంటే వాగు కూడా, ఆ శ్లేషను విడదీసి దానికి ఇంకో కాగితం పెట్టుకోవాలి.

నా కాగితంలో ఇంకా ఖాళీగా ఉన్న గడి ఒకటుంది. కన్నడ సరిహద్దున మడకశిర, హిందూపురం వైపు, తమిళ సరిహద్దున కుప్పం వైపు తెలుగు మాట్లాడే ఇళ్లలో ఇప్పటికీ మద్దెలే ఓడైందా, లేక నేల వంకరైందా? ఆ వైపు మీ అమ్మమ్మలూ అవ్వలూ ఉంటే, సామెత మీరు అందించకుండా, సందర్భం మాత్రం చెప్పి అడగండి.